వంగిన వెనక హౌసింగ్‌ను సరిచేయడం ఎలా?

వెనక చక్రం దగ్గర ఆయిల్ సీల్ పదే పదే పోతుంటే తప్పు సీల్‌ది కాకపోవచ్చు, హౌసింగ్‌ది కావచ్చు. రెండు వెనక చక్రాల మధ్య ఉండే ఇనుప గొట్టమే హౌసింగ్, చక్రాలను తిప్పే యాక్సిల్ రాడ్లు దాని లోపలే తిరుగుతాయి. మా పికప్ బండికి అదే జరిగింది. అనకాపల్లి నుంచి వైజాగ్‌కు కంకర తోలేవాళ్ళం. ఒక షెడ్డులో సీల్ మార్చారు, మళ్ళీ మార్చారు, బేరింగ్ కూడా కొత్తది వేశారు. నెల తిరక్కుండా బ్రేక్ లైనర్ మళ్ళీ ఆయిల్‌తో తడిసిపోయింది. చివరికి గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి బండి వెనక గొంతుక్కూర్చుని రెండు నిమిషాలు చూశారు. "హౌసింగ్ వంగిపోయింది బాబూ. రాడ్డు వంకరగా తిరుగుతుంటే సీల్ ఎలా ఆగుతుంది?" అన్నారు.

బరువు కమాన్ల (స్ప్రింగు పట్టీల) మీద కూర్చుంటుంది, నేల చక్రాలను పైకి నెడుతుంది. ఓవర్‌లోడ్ పడినకొద్దీ హౌసింగ్ కొసలు పైకి లేచి, చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది. టైరు లోపలి అంచు ముందు అరిగిపోతుంది. అదే చక్రం గుంతకో రాయికో గట్టిగా తగిలితే ఆ కొస వెనక్కి వంగుతుంది. బండి కాస్త ఏటవాలుగా నడుస్తున్నట్టు వెనకొచ్చేవాళ్ళకు కనిపిస్తుంది.

గ్యాస్ టార్చి ముట్టుకునే ముందు కొలవండి. ఈ పనిలో సగం కొలతే.

ముందు జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపండి. ఆట ఉంటే బేరింగ్ సంగతి చూశాకే మిగతాది. తర్వాత బండిని చదునైన నేల మీద దించి, రెండు టైర్లలో గాలి సమానంగా పెట్టి, నాలుగడుగులు ముందుకు తోసి ఆపండి. రిమ్ము పై అంచు మీద సుద్దతో ఒక గుర్తు పెట్టండి. చక్రం పక్కన బండి బాడీ నుంచి తూకం గుండు దారం వేలాడదీసి, ఆ గుర్తు నుంచి దారానికి ఎంత దూరమో రాసుకోండి. బండిని మెల్లగా జరిపి అదే గుర్తు కిందికి వచ్చాక మళ్ళీ కొలవండి. ఒకే గుర్తును కొలుస్తున్నాం కాబట్టి రిమ్ము వంకర లెక్కలోకి రాదు. గుర్తు పైన ఉన్న చోటుకూ కింద ఉన్న చోటుకూ మధ్య 400 మిల్లీమీటర్ల ఎత్తు తేడా ఉంటే, దారం కొలతలో 7 మిల్లీమీటర్ల తేడా వచ్చిందంటే చక్రం దాదాపు 1 డిగ్రీ వాలినట్టు. నేల కాస్త పల్లంగా ఉంటే ఒక వైపు ఎక్కువ, రెండో వైపు అంతే తక్కువ చూపిస్తుంది. అందుకే రెండు చక్రాలూ కొలిచి కలిపి చూడాలి.

ఇక ముందు వెనకల తేడా. రెండు టైర్ల నడిమి గీతల మధ్య దూరాన్ని ఇరుసు ఎత్తులో వెనక వైపు కొలిచి, అవే గుర్తులు ముందుకు తిరిగాక అక్కడ కొలవండి. ముందు ఎక్కువుంటే కొస వెనక్కి వంగింది.

కొలిచాక విప్పడం. బండిని స్టాండ్ల మీద నిలిపి, ఆయిల్ తీసి, యాక్సిల్ రాడ్లు, గేర్‌బాక్స్ నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్, బ్రేకు పైపు, హౌసింగ్‌ను కమాన్లకు పట్టి ఉంచే యూ బోల్టులు, లోపలి పళ్ళ చక్రాల సెట్టు అన్నీ ఊడదీయండి. రాడ్లను లేతు మీద తిప్పి చూపించండి. వంగిన రాడ్డు వేస్తే సరైన హౌసింగ్‌లో కూడా సీల్ పోతుంది. ఖాళీ హౌసింగ్‌ను వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, వెల్డింగుల దగ్గర పగుళ్ళు వెతకండి. ఎర్ర రంగు చల్లి, తుడిచి, తెల్ల పొడి స్ప్రే చేస్తే వెంట్రుకంత పగులు కూడా ఎర్రగా బయటపడుతుంది. మన సముద్రపు గాలికి పైపు తుప్పుతో పలచబడి కూడా ఉంటుంది. పగులు ఉన్నా, పోత ఇనుము హౌసింగ్ అయినా, పైపు పొరలుగా రాలుతున్నా సరిచేయొద్దు, మార్చేయండి. కమాను తెగితే బండి ఆగుతుంది. హౌసింగ్ విరిగితే చక్రంతో సహా ఊడుతుంది, అరకు ఘాట్‌లో అది ప్రాణాల మీదికి వస్తుంది.

సరిచేయడానికి రెండు దారులు. ప్రెస్ పద్ధతిలో హౌసింగ్‌ను గట్టి ఇనుప దూలం మీద పెట్టి, రెండు కొసలనూ గొలుసులతో దూలానికి బిగించి, ఉబ్బిన వైపు కింద జాకీ పెట్టి నెడతారు. జాకీ నేరుగా పైపుకు తగిలితే సొట్ట పడుతుంది. మధ్యలో సగానికి కోసిన పైపు ముక్క పెట్టాలి. ఇనుము వెనక్కి లాగుతుంది కాబట్టి కొంచెం దాటించి నెట్టి, జాకీ వదిలాకే కొలవాలి.

రెండోది వేడి పద్ధతి. మా మేస్త్రి చేసింది ఇదే. కాల్చిన వైపు చల్లారాక కుదించుకుంటుంది, కొస అటు వస్తుంది. కాబట్టి ఉబ్బిన వైపే కాల్చాలి. కొసలు పైకి లేస్తే పైపు అడుగున, వెనక్కి వంగితే ముందు వైపున. వంగిన చోట, వెల్డింగుకూ బేరింగ్ కూర్చునే చోటుకూ దూరంగా, చిన్న మచ్చంత మాత్రమే మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి ఆపేయండి. ఆయన నీళ్ళు పోయలేదు. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా కూర్చున్నాం, కొలిచాం, మళ్ళీ కాల్చాం. నాలుగోసారికి సరిపోయింది. ఒకేసారి ఎక్కువ కాల్చితే అటు వంగిపోతుంది, మళ్ళీ ఇటు లాగాలి. లోపల ఆయిల్ చుక్క లేకుండా కడిగి, రెండు మూతులూ, గాలి పోయే బ్రీదరు రంధ్రమూ తెరిచి ఉంచండి. మూసిన హౌసింగ్‌లో ఆయిల్ ఆవిరి పేలుతుంది.

చివరి పరీక్ష అలైన్‌మెంట్ బారుతో. బేరింగ్ చోట్లలో బుషులు (కొలతకు చేసిన ఇనుప వలయాలు) పెట్టి, వాటి గుండా నిటారైన ఇనుప కడ్డీని దూర్చాలి. సుత్తి లేకుండా చేత్తో జారిపోవాలి. ఎంత తేడా పరవాలేదో మీ బండి మాన్యువల్లో ఉంటుంది, దాన్ని బట్టే వెళ్ళండి.

బిగించేటప్పుడు కొత్త సీల్స్, కొత్త యూ బోల్టులు వేయండి. పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలే పోయండి. బ్రేకుల్లో గాలి తీయించండి. ఖాళీ బండితో షీలానగర్ దాకా ఒకసారి తిరిగొచ్చి, చక్రాల లోపలి వైపు తుడిచి చూడండి. మొదటి లోడు దించాక యూ బోల్టులు మళ్ళీ బిగించి, అదే సుద్ద గుర్తుతో ఇంకోసారి కొలవండి.