అలోహాలో గ్యాస్ లీక్ జోన్ మరీ చిన్నగా వస్తోందా? ముందు టైమ్ చూడండి

సమస్య: నీళ్లు శుద్ధి చేసే ఫిల్టర్‌బెడ్‌లో క్లోరిన్ టన్నర్ (పెద్ద గ్యాస్ సిలిండర్) లీకైతేనో, జడ్చర్ల వైపు ఏదైనా ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకైతేనో ఏయే ఊళ్లు ఖాళీ చేయించాలని అలోహాలో, అంటే గ్యాస్ ఎంత దూరం పాకుతుందో లెక్కగట్టి ప్రమాద జోన్ గీసే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో, వేసి చూస్తారు. జోన్ ప్రహరీ దాటి కొంత దూరం వెళ్లి ఆగిపోతుంది. పక్క ఊరు అందులో పడలేదని ప్లాన్‌లోంచి పేరు కొట్టేస్తారు. దయచేసి అప్పుడే కొట్టేయకండి.

జోన్ అసలు అవతలి దిక్కుకే పోతే గాలి దిక్కు తిరగేసి ఇచ్చారన్నమాట. గాలి ఎటు నుంచి వీస్తోందో ఆ దిక్కే ఇవ్వాలి. జూలైలో మన దగ్గర పడమటి గాలి, కాబట్టి జోన్ తూర్పుకు సాగాలి. అర నిమిషం పని, అయినా ఎవరూ చూడరు.

దిక్కు సరిగ్గానే ఉండి జోన్ మాత్రం చిన్నదైతే, తొంభై పాళ్లు తప్పు గడియారంలో ఉంటుంది. మనం టైమ్ ఇవ్వకపోతే అలోహా కంప్యూటర్ గడియారాన్నే తీసుకుంటుంది. మనం ఆఫీసులో కూర్చునేదేమో పొద్దున 11కో, మధ్యాహ్నం 2కో. ఎండకు నేల కాగి గాలి కిందా మీదా కలుస్తుంది, గ్యాస్ తొందరగా పలచబడుతుంది. గాలి తక్కువగా ఉంటే ప్రోగ్రామ్ స్టెబిలిటీ క్లాస్ (గాలి ఎంతగా కలుస్తుందో చెప్పే మెట్టు; ఏలో బాగా కలుస్తుంది, ఎఫ్‌లో దాదాపు కలవదు) ఏ లేదా బీ వేసుకుంటుంది. అదే లీకు రాత్రి 2కు, మబ్బు లేనప్పుడు, గాలి సెకనుకు 2 మీటర్లే ఉన్నప్పుడు జరిగితే క్లాస్ ఎఫ్. నేల చల్లబడి, కింది గాలి పైగాలితో కలవదు. గాలికన్నా రెండున్నర రెట్లు బరువైన క్లోరిన్ నేలబారుగా చాలా దూరం పాకుతుంది. భోపాల్‌లో 1984 డిసెంబర్ 2-3 అర్ధరాత్రి, విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున గ్యాస్ లీకైంది. రెండుచోట్లా జనం నిద్రలో ఉన్నారు. ఎండాకాలంలో మన ఊళ్లలో చాలామంది మేడ మీదో వాకిట్లోనో పడుకుంటారు, వాళ్లకు తలుపు అడ్డం కూడా ఉండదు.

అలోహాలో టెక్స్ట్ సమ్మరీ (ఇచ్చిన వివరాలన్నీ చూపే కిటికీ) తెరవండి. టైమ్ పక్కన కంప్యూటర్ గడియారం వాడినట్టు రాసి ఉంటే అదే కారణం.

పరిష్కారం: సైట్ డేటాలో డేట్ అండ్ టైమ్‌కి వెళ్లి, కాన్‌స్టంట్ టైమ్ ఎంచుకుని రాత్రి 2 ఇవ్వండి. తర్వాత వాతావరణం వివరాలు మళ్లీ తెరిచి మబ్బు లేదని, గాలి 2 మీటర్లని ఇచ్చి, క్లాస్ ఎఫ్ పడిందో లేదో కళ్లతో చూడండి. ఇంకా పడకపోతే లొకేషన్ చూడండి. ఉదాహరణకు నల్గొండకు 17 డిగ్రీల 3 నిమిషాలు ఉత్తరం, 79 డిగ్రీల 16 నిమిషాలు తూర్పు. తూర్పు బదులు పడమర ఉండిపోతే సూర్యుడి లెక్కే తప్పుతుంది.

గుట్టలను అలోహా లెక్కలోకి తీసుకోదు, 10 కిలోమీటర్లు దాటి గీయదు. రాత్రి జోన్ చూసేటప్పుడు ఈ రెండూ గుర్తుంచుకోండి.

పగటి జోన్, రాత్రి జోన్ రెండూ ప్రింట్ తీసి ప్లాన్‌లో పెట్టండి. ఊళ్ల జాబితా మాత్రం రెండింట్లో పెద్దదాన్ని బట్టే రాయండి.