కాలిఫోర్నియాలో అగ్రిబిజినెస్ (వ్యవసాయ వ్యాపారం) చదవాలంటే
పిల్లలకి సాఫ్ట్‌వేర్ తప్ప దారి లేదనుకునే అక్కడి మనవాళ్లు ఒకసారి ఆ రాష్ట్రం మధ్యలో పంటలు పండే సెంట్రల్ వ్యాలీ వైపు చూడండి. మోడెస్టో జూనియర్ కాలేజీలాంటి కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల కాలేజీ) అగ్రికల్చర్ బిజినెస్ ట్రాన్స్‌ఫర్ డిగ్రీకి చేరి 60 యూనిట్లు (కోర్సుల క్రెడిట్లు) పూర్తిచేస్తే, ఫ్రెస్నో స్టేట్ యూనివర్సిటీకో, చికో స్టేట్ యూనివర్సిటీకో మారొచ్చు, కాకపోతే మొదటి సెమిస్టర్‌లోనే కౌన్సిలర్ దగ్గర కూర్చుని ప్లాన్ రాయించుకోండి. అకౌంటింగ్, ఎకనామిక్స్ వదలొద్దు. అవి ఎందుకంటారా, ఉదాహరణకి బాదం తోట లెక్క చూడండి: నాటాక మూడో ఏడు దాకా కాపు ఉండదు, నీళ్ల ఖర్చూ అప్పు మీద వడ్డీ మాత్రం ఆగవు, కాపు మొదలయ్యాక ఫిబ్రవరి పూతకి తేనెటీగల పెట్టెలు అద్దెకి తేవాలి. ఈ లెక్క వేయగలిగితే ఫార్మ్ లోన్లు, పంట బీమా, ఎరువుల అమ్మకాలు, ప్యాకింగ్ హౌస్ కొనుగోళ్లు, వీటిలో ఎక్కడైనా ఉద్యోగానికి ప్రయత్నించొచ్చు. జీతం తక్కువైనా సరే, వేసవిలో ఒక ఇంటర్న్‌షిప్ చేసెయ్యండి.