గోధుమపిండి బెల్లం కేక్ మధ్యలో పచ్చిగా ఉండిపోతుంటే: నా అనుభవం

సంక్రాంతికి అత్తయ్య వాళ్ల ఊరికి పిల్లల కోసం మైదా, పంచదార లేని కేక్ పట్టుకెళ్తుంటాను. పైన మాడేది, మధ్యలో ముద్దగా ఉండేది. వంటసోడా పెంచినా, గుడ్డు వేసినా, ఇంకాసేపు ఓవెన్‌లో ఉంచినా లాభం లేకపోయింది.

చివరికి కుదిరింది ఇలా. కప్పు పెరుగులో ముప్పావు కప్పు బెల్లం తురుము కరిగించి వడగట్టాను, ఇసుక ఉంటుంది కదా. అర కప్పు నూనె, ఒకటిన్నర కప్పు జల్లించిన గోధుమపిండి మాత్రమే కలిపి, బేకింగ్ పౌడర్ వేయకముందే మూతపెట్టి 20 నిమిషాలు వదిలేశాను. అసలు కిటుకు ఇదే. గోధుమపిండిలోని పొట్టు తడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది. నానాక పిండి బాగా బిగిసింది, రెండు చెంచాల పాలు పోస్తే గరిటె నుంచి ఒత్తుగా జారింది. అప్పుడు చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా సోడా వేశాను. పెరుగు పులుపు తగలగానే సోడా పొంగుతుంది, అందుకే ఆలస్యం చేయకుండా ఓవెన్‌లో పెట్టేశాను.

బెల్లం త్వరగా రంగు తిరుగుతుంది కాబట్టి 180 బదులు 160 డిగ్రీలు, దాదాపు 50 నిమిషాలు. పూర్తిగా చల్లారాకే కోశాను. మధ్య ముక్క కూడా గుల్లగా వచ్చింది!

ఇది మా చిన్న ఓటీజీలో (కరెంటు ఓవెన్), మర పట్టించిన పిండితో. ప్యాకెట్ పిండికి పాలు తక్కువ పట్టొచ్చు. రాగిపిండితో నేను చేయలేదు.