లోక్వాట్ పూస్తుంది, కాయ మాత్రం నిలవదు: ఎందుకు, ఏం చేయాలి

టెక్సస్‌లో హ్యూస్టన్, ఆస్టిన్ వైపు పెరట్లో లోక్వాట్ (గుత్తులుగా చిన్న పసుపు పండ్లు కాసే చెట్టు) ఉన్న మనవాళ్ల కోసం ఇది.

చెట్టు నిండా పూత, మార్చికి ఒక్క కాయా లేదు

దాదాపు ఎప్పుడూ చలే కారణం. ఈ చెట్టు తీరు మిగతా పండ్ల చెట్లకి తిరగబడి ఉంటుంది, ఆకురాలే కాలంలో పూత మొదలుపెట్టి చలికాలమంతా పిందెలు మోసి వసంతంలో పండుతుంది. బాగా నాటుకున్న చెట్టు 12 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా తట్టుకుంటుంది గానీ విచ్చిన పువ్వు 26 దగ్గరే పోతుంది, 25కి పిందెలో గింజ చచ్చి పిందె రాలిపోతుంది. ఆకులు మాత్రం పచ్చగా మెరుస్తుంటాయి కాబట్టి బలం చాలలేదేమో అనుకుని ఎరువు వేస్తారు, దయచేసి వేయకండి. చిన్న చెట్టయితే అంత చలి పడే రాత్రులు దుప్పటి నేల దాకా దించి కప్పి పొద్దున్నే తీసేయండి. పెద్ద చెట్టుకి ఆ ఏడాది కాపు వదులుకోవాల్సిందే. కొత్తగా నాటేవాళ్లు ఇంటికి దక్షిణం వైపు, గోడ దాపున పెట్టండి.

అసలు పూతే రాలేదు

గింజ మొక్కకి ఆరేడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, అంటుమొక్క రెండు మూడేళ్లకే కాస్తుంది. వయసొచ్చినా పూయకపోతే కత్తిరింపు ఎప్పుడు చేశారో చూడండి. పూత వచ్చేది కొమ్మ చివరే, ఆగస్టు తర్వాత కత్తిరిస్తే పూత కూడా కత్తెరకే పోతుంది. కాపు అయిన వెంటనే చేయండి.

కొమ్మ చివర నల్లబడి వంగింది, మాడిన ఆకులు రాలకుండా వేలాడుతున్నాయి

ఇది ఫైర్ బ్లైట్ అనే బ్యాక్టీరియా తెగులు, వెచ్చటి వానల్లో పాకుతుంది, ఆలస్యం చేస్తే పెద్ద కొమ్మలే పోతాయి. నలుపు ఆగినచోట కాదు, దానికి అడుగు కింద కోయండి, పొడి వాతావరణంలోనే. కోత కోతకీ కత్తెరని 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి, ముక్కల్ని చెట్టు కింద వదలకండి. నత్రజని ఎక్కువైతే లేత చిగుళ్లు పెరిగి తెగులుకి ఇంకా లోకువవుతాయి, అందుకే ఎరువు వద్దన్నది.

కాయ చిన్నది, పుల్లగా ఉంది

పిందె దశలోనే గుత్తికి నాలుగైదు ఉంచి మిగతావి తుంచేయండి. పులుపుకి కారణం తొందరే: కోశాక మామిడిలా మాగబెడదామంటే కుదరదు, తీపి చెట్టు మీదే రావాలి. రంగు పూర్తిగా తిరిగి కాస్త మెత్తబడ్డాకే కోయండి, ఈలోపు పిట్టలు రాకుండా వల కట్టండి.