జాబితా నుంచి ఒక్క విలువ, 5వ పాఠం: మొదటి బస్తా తరుగు ఎటు పోయింది?

పోయిన పాఠంలో పైథాన్ రెడ్యూస్‌తో (జాబితాలోని అంశాలను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ ఒకే విలువగా మార్చే ఫంక్షన్) చేయమని కర్నూలు మార్కెట్ యార్డు లెక్క ఇచ్చాను: తరుగు పోను బస్తాల నికర బరువు ఎంత? ఎక్కువ మందికి 146 వచ్చింది. జవాబు 144. అందుకే జాబితాను కుడి చివర నుంచి ఒక్క విలువగా మడిచే ఫోల్డ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ రెండు కిలోల లెక్క తేల్చాలి. లాంబ్డా (పేరు లేని చిన్న ఫంక్షన్) రాయడం, ఫంక్‌టూల్స్ అనే పైథాన్ మాడ్యూల్ నుంచి రెడ్యూస్ తెచ్చుకోవడం మళ్ళీ చెప్పను.

మూడు ఉల్లి బస్తాలు: 50, 48, 52 కిలోలు. బస్తాకు 2 కిలోల తరుగు. "ఇప్పటిదాకా వచ్చిన మొత్తానికి, ఈ బస్తా బరువులో 2 తీసేసి కలుపు" అని మీరు రాసిన ఫంక్షన్‌లో తప్పేమీ లేదు. రెడ్యూస్‌ను మొదలు విలువ (మొత్తం దేనితో మొదలవ్వాలో చెప్పేది) ఇవ్వకుండా పిలిచారు, అదీ గొడవ. అలా పిలిస్తే రెడ్యూస్ మొదటి అంశాన్నే మొత్తం అనుకుంటుంది. 50కి తరుగు తీసేవాళ్ళే ఉండరు. 50, 96, 146. ఫంక్షన్, జాబితా తర్వాత మూడో ఆర్గ్యుమెంట్‌గా సున్నా ఇవ్వండి: 0, 48, 94, 144.

నాకు ఒళ్ళుమండేది ఇక్కడ ఎర్రర్ రాకపోవడం. ఒక్క బస్తానే ఇస్తే ఇంకా ఘోరం, ఫంక్షన్ ఒక్కసారి కూడా నడవకుండా ఆ 50 అలాగే తిరిగొస్తుంది. జాబితా ఖాళీగా ఉంటే మాత్రం టైప్‌ఎర్రర్ అని అరుస్తుంది. తరుగు సున్నా పెట్టి టెస్ట్ చేసినవాళ్ళకు అన్నీ పాస్! మొదలు విలువ లేకుండా సంఖ్యల వర్గాలను (ఒక్కో సంఖ్యను దానితోనే గుణించి) కూడినా ఇంతే: 1, 4 ఇస్తే 17, సరిగ్గానే ఉంటుంది. 3, 4 ఇచ్చి చూడండి, 25 రావాల్సిన చోట 19 వస్తుంది.

నేనైతే మొదలు విలువ లేకుండా రాయను. కూడికకు 0, గుణకారానికి 1, జాబితాలు అతికించడానికి ఖాళీ జాబితా.

ఉత్త కూడికకు అసలు రెడ్యూస్ ఎందుకు, సమ్ ఉంది కదా. పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ 2005లో రెడ్యూస్‌ను తీసేద్దామనే అన్నారు. చివరికి పైథాన్ 3లో దాన్ని ఫంక్‌టూల్స్‌లోకి నెట్టారు. మధ్య విలువలు చూడటానికి ప్రింట్‌లు చల్లకండి, ఇటర్‌టూల్స్ మాడ్యూల్‌లో అక్యుములేట్ ఉంది, ప్రతి అడుగులో వచ్చిన విలువనూ అదే ఇస్తుంది. పైథాన్ 3.8 నుంచి దానికీ మొదలు విలువ ఇవ్వొచ్చు, కాకపోతే ఇనిషియల్ అని పేరు పెట్టి ఇవ్వాలి.

అభ్యాసం: ఒకే రెడ్యూస్‌తో నికర బరువు, బస్తాల సంఖ్య, అన్నిటికంటే బరువైన బస్తా, మూడూ రావాలి. జాబితా ఖాళీగా ఉన్నా ఎర్రర్ రాకూడదు. అప్పుడు బరువైన బస్తా చోట ఏం పెట్టాలో మీరే తేల్చుకోండి, సున్నా పెడితే మాత్రం ఒప్పుకోను.