డబుల్ గ్లాస్ కిటికీలో ఏరోజెల్ కిందికి దిగిపోతుంటే: నా అనుభవం

ఒంగోలులో మా పడమటి గది కిటికీకి రెండు అద్దాల మధ్య ఏరోజెల్ (వేడిని అడ్డుకునే, చాలా తేలికైన గుల్ల పదార్థం) గింజలు పోయించాం. వేసవి దాటేసరికి అవి కిందికి కుదురుకుని, పైన ఖాళీ పట్టీ తేలింది. అక్కడ చెయ్యి పెడితే సెగ. కర్టెన్, సన్ ఫిల్మ్, బయటినుంచి ఇంకో విడత సిలికాన్, ఏదీ పనిచేయలేదు.

చివరికి పనిచేసింది ఇది. అద్దాల జతను ఫ్రేమ్ నుంచి తీసి నిలబెట్టి, పైవైపు స్పేసర్ పట్టీ (అద్దాలను ఎడంగా ఉంచేది) మాత్రం ఊడదీయించాను. మాస్కు, గ్లవుజులు తప్పనిసరి, ఆ పొడి చర్మాన్ని ఎండగట్టేస్తుంది. బెత్తెడు పోయడం, అంచుల మీద రబ్బరు సుత్తితో మెల్లగా తట్టడం, మళ్లీ బెత్తెడు. నిండాక రాత్రంతా వదిలేసి, పొద్దున దిగిన మేరకు మళ్లీ నింపాను. అసలు కిటుకు సీల్ వేసే వేళలో ఉంది. మధ్యాహ్నం ఎండకు అద్దాలు వేడెక్కాక బ్యుటైల్ టేపు (గాలి చొరకుండా అంటుకునే రబ్బరు టేపు), దానిపైన సిలికాన్. చల్లబడ్డాక లోపలి గాలి ముడుచుకుని, అద్దాలు గింజలను అదిమి పట్టుకుంటాయి.

మాది చిన్న కిటికీ, టఫెన్డ్ గ్లాస్ (గట్టిపరచిన అద్దం). పెద్దవాటికీ మామూలు అద్దానికీ ఇది నేను చెప్పలేను, పగలొచ్చు. ఇంకోటి, ఏరోజెల్ అద్దం గుండా పాకే వేడిని బాగా తగ్గిస్తుంది గానీ, నేరుగా పడే ఎండను పూర్తిగా ఆపదు. పైగా పాలగాజులా ఉంటుంది, బయట ఏమీ కనపడదు. రోహిణీ కార్తెలో బయట వెదురు తడక ఇప్పటికీ దించుతున్నాం.