వానలు దిగకముందే పికప్ మీది డబ్బా కట్లు చూసుకోండి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అసలైన వానాకాలం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను, దాటకముందే నెల్లూరును ముంచెత్తింది. పికప్ మీద ఇనుప డబ్బా ఎక్కించుకుని టిఫిన్ వ్యాపారం చేసేవాళ్లకు కార్తీకమాసం తిరుగుళ్లూ సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

రెండేళ్ల కింద సింగరాయకొండ దాటాక గేదె అడ్డం వస్తే గట్టిగా బ్రేకు వేశాను. డబ్బా జానెడు ముందుకు జరిగి క్యాబిన్‌కు గుద్దుకుంది. దిగి చూస్తే బెల్టు తెగలేదు. బండి పక్క రేకుకు వెల్డింగు చేసిన కొక్కెమే రేకును చించుకుని ఊడి వచ్చింది. చిరిగిన అంచును వేలితో తడిమి చూశాను. రెండంగుళాల మేర పాత తుప్పు, చివర అరంగుళం మాత్రమే కొత్త మెరుపు. అంటే ఆ రేకు నెలల తరబడి చిరుగుతూనే ఉంది. నేను రోజూ దాని మీదే బెల్టు బిగిస్తూ వచ్చాను.

అందుకే, దేనితో కడుతున్నారో చూసేముందు దేనికి కడుతున్నారో చూడండి. పక్క రేకు కొక్కేలు పట్టా కట్టుకోవడానికి పనికొస్తాయి, డబ్బాను ఆపడానికి కాదు. అమెరికాలో పికప్ మీద క్యాంపర్ అనే చిన్న గదిని ఎక్కించి, అవసరం తీరాక దించుకుంటారు. అక్కడా ఇవే రెండు దారులు: బాడీకి కట్టడం, చాసిస్‌కు అంటే బండి అడుగున ఉండే ఉక్కు చట్రానికి కట్టడం. బరువైన డబ్బాకు నేను చాసిస్‌నే నమ్ముతాను. అయితే చాసిస్‌కు సొంతంగా రంధ్రాలు వేయించకండి, వెల్డింగు పెట్టించకండి; అది బలహీనపడుతుంది. ఉన్న రంధ్రాలకే బోల్టులతో బిగించే బ్రాకెట్లు చేయించుకోవాలి. బండి రూపం మారే పని ఏదైనా రవాణా శాఖ అనుమతితోనే.

ఇక బలం లెక్క. సామాను సహా డబ్బాను ఒకసారి కాటా మీద తూకం వేయించండి. గట్టి బ్రేకు పడితే బరువులో 80 శాతం దాకా ముందుకు, మలుపులో 50 శాతం దాకా పక్కకు తోస్తుందని లోడు కట్టే నియమాల్లో లెక్క కడతారు. 600 కిలోల డబ్బా అయితే ముందుకు 480 కిలోలు. దీన్ని ఆపేవి వెనక్కి లాగే రెండు కట్లే. వాటిలో ఒకటి ఊడినా మిగిలినది దీన్ని ఆపగలగాలి. బెల్టుకు కుట్టిన చీటీ మీద పనిభారం, అంటే అది భద్రంగా ఆపగల బరువు, ఎంతో రాసి ఉంటుంది. తెగే బరువు వేరు, పనిభారం వేరు. కొనేటప్పుడు రెండోదే అడగండి. చీటీ లేని బెల్టు ఎంత చవకైనా వద్దు.

నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. వానలో బయలుదేరినప్పుడు బిగుతుగా ఉన్న కట్టు కాసేపటికే వదులవుతుంది. ప్లాస్టిక్ మోకు ఎండకు పెళుసుబారుతుంది; వేళ్ల మధ్య నలిపితే పొడి రాలుతుంటే అవతల పారేయండి. గొలుసు సాగదు కనుక గతుకుల కుదుపంతా కొక్కేల మీద పడుతుంది. పళ్ల చక్రం, పిడితో బిగించే పాలిస్టర్ రాచెట్ బెల్టు తక్కువ సాగుతుంది, నీటికి చెడదు. ఎప్పుడూ దించని డబ్బాకైతే స్ప్రింగు ఉన్న టర్న్‌బకిల్ (తిప్పి బిగించే మరల కడ్డీ) ఇంకా మేలు. డబ్బా అంచు పదునుగా ఉన్నచోట బెల్టు కింద పాత టైరు ముక్క పెట్టండి.

డబ్బా పైనుంచి నిలువుగా దిగే బెల్టు కిందికి నొక్కుతుందే గానీ ముందుకు జారకుండా నేరుగా పట్టుకోలేదు. నాలుగు మూలల నుంచీ ఏటవాలు కట్లు ఉండాలి. వెనక రెండూ వెనక్కి లాగాలి, ముందు రెండూ ముందుకు లాగాలి. డబ్బాకూ ముందు పలకకూ మధ్య ఖాళీ ఉంటే దుంగ దిగ్గొట్టండి. తడిసిన ఇనుము మీద ఇనుము సబ్బులా జారుతుంది. అడుగున మందపాటి రబ్బరు షీటు పరిస్తే ఆ జారుడు చాలావరకు తగ్గుతుంది. నా మాట వింటే ముందు కొనాల్సింది అదే.

కదిలేముందు నీళ్ల డ్రమ్ము ఖాళీ చేయండి. సిలిండర్ రెగ్యులేటర్ తీసి, సిలిండర్‌ను విడిగా నిలువుగా కట్టండి. డబ్బాలో మనుషుల్ని, ముఖ్యంగా నిద్రపోయే పిల్లల్ని, ఎక్కించుకోకండి. చట్టం ఒప్పుకోదు, అంతకంటే ముందు ఆ డబ్బా వాళ్లను కాపాడలేదు.

పది కిలోమీటర్లు వెళ్లాక ఆగి ప్రతి బెల్టునూ అరచేత్తో కొట్టి చూడండి. బిగువుగా ఉన్నది టంగుమంటుంది, వదులైనది ఊగుతుంది. ఆ తర్వాత టీ తాగడానికి ఆగిన ప్రతిచోటా ఇదే పని. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో రాచెట్ పళ్లకు నెలకోసారి నూనె పెట్టండి.

గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే వాతావరణ శాఖ తుపాను అంటుంది. ఆ హెచ్చరిక వచ్చిన రోజు హైవే ఎక్కకండి. డబ్బాను నేల మీదికి దించి, చెట్లకూ కరెంటు స్తంభాలకూ దూరంగా, గట్టి గోడ చాటున పెట్టండి.